ఆరో మెట్లదారిలో ఓక్ తలుపు

గురువారం. 1979 జనవరి 18. ఉదయం 9.10.

బల్ల మీద ఒక చేతికర్ర, ఒక ఊలు టోపీ ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ డోరీన్ హార్న్ టోపీని ముట్టుకోలేదు. కర్రను తిరగేసి, అడుగున ఉన్న రబ్బరు తొడుగును కిటికీ వెలుగులో చూసింది.

"ఎక్కడ దొరికాయి?"

"నది గట్టు మీద, మేడమ్. నిన్న పొద్దున్న 7.40కి," అన్నాడు సార్జెంట్ ఓట్స్. "కర్ర బెంచీకి ఆనించి ఉంది. టోపీ దాని మీద తగిలించి ఉంది. మనిషి లేడు."

ఆ మనిషి ఆంబ్రోస్ హేవర్. నవలా రచయిత. వయసు డెబ్బై ఎనిమిది.

1919లో సెయింట్ ఆసిత్స్ కాలేజీలో చదువుకోవడానికి ఆక్స్‌ఫర్డ్ వచ్చాడు. తర్వాత లండన్ వెళ్లాడు. పెళ్లి చేసుకున్నాడు. చాలా ఇళ్లు మారాడు. తొమ్మిది నవలలు రాశాడు. పుస్తకం ఎక్కడ మొదలుపెట్టినా చివరి అధ్యాయం మాత్రం ఇక్కడికి వచ్చే రాసేవాడు. ఏటా జనవరిలో రెండు వారాలు కాలేజీ గేటు పక్కనున్న అతిథి గదిలో దిగేవాడు. ఈ ఏడు కూడా అలాగే దిగాడు. మంగళవారం మధ్యాహ్నం నుంచి కనబడలేదు.

"సూపరింటెండెంట్ గారు ఏమంటున్నారు?"

"నదిలో మునిగిపోయాడని రాసి సాయంత్రం నాలుగింటికల్లా ఫైలు మూసేయమంటున్నారు. భార్య పోయింది, పెద్దవాడు, చలికాలం. ఇంకేం కావాలి అంటున్నారు."

డోరీన్ కర్రను బల్ల మీద పెట్టింది.

"గట్టు మీద నడిచావా ఓట్స్?"

"నడిచాను. జారి పడకుండా సోమవారమే దారంతా బొగ్గు బూడిద చల్లారు. నా బూట్లు చూడండి, ఇంకా వదల్లేదు."

"నీ బూట్లకుంది. మరి ఈ రబ్బరుకు బూడిద ఏది?"

ఓట్స్ వంగి చూశాడు. రబ్బరు శుభ్రంగా ఉంది.

"కర్ర లేకుండా ఆయన నాలుగడుగులు వేయలేడు," అంది డోరీన్. "కర్రతో గట్టు మీద నడిచి ఉంటే ఇది నల్లగా ఉండాలి. దీన్ని ఎవరో చేత్తో మోసుకెళ్లి అక్కడ పెట్టారు."

"అంటే?"

"అంటే ఆయన నదిలో లేడు. ఇంకెక్కడో ఉన్నాడు. రెండు రాత్రులుగా."

కిటికీ అద్దాల మీద మంచు లోపలి వైపు కూడా గడ్డకట్టి ఉంది.

*

వరండాలో ఒకావిడ కూర్చుని ఉంది. చేతి తొడుగులు తీయలేదు. ఫ్రాన్సెస్ హేవర్, ఆంబ్రోస్ కూతురు. లీడ్స్‌లో పిల్లలకు పియానో నేర్పుతుంది.

"మీరు ఎప్పుడొచ్చారు?" అని అడిగింది డోరీన్.

"మంగళవారం సాయంత్రం. 5.35 రైలుకి. నాన్న గేటు దగ్గర ఎదురుచూస్తానన్నారు. లేరు."

"ఆయన రమ్మన్నారా?"

"ఉత్తరం రాశారు. అమ్మ తనకు రాసిన ఉత్తరాలన్నీ నాకే ఇచ్చేస్తాననీ, ఒక మాట చెప్పాలనీ." ఆమె ఆగింది. "రెండేళ్లుగా ఆయనతో మాట్లాడలేదు నేను. ఆయన రాసినవి విప్పకుండానే తిప్పి పంపేదాన్ని. ఇదొక్కటే ఎందుకో విప్పాను."

"రెండేళ్ల కిందట ఏం జరిగింది?"

"అమ్మ ఆస్పత్రిలో ఉంది. నాన్న ఇక్కడ చివరి అధ్యాయం రాస్తున్నారు. వెంటనే రమ్మని టెలిగ్రాం ఇచ్చాను. మర్నాడు వచ్చారు. అప్పటికి అమ్మ లేదు. అమ్మ చివరిదాకా తలుపు వైపే చూసింది."

డోరీన్ తల్లి గ్లాడిస్ అక్టోబరులో పోయింది. అలాంటప్పుడు ఏ మాటలు పనికిరావో ఆమెకు తెలుసు.

"బతికే ఉన్నారంటారా?" అని అడిగింది ఫ్రాన్సెస్.

"తెలీదు."

"అబద్ధం చెప్పనందుకు థాంక్స్. వెతకండి. ఒక్క మాట... ఒక్క మాట చాలు నాకు."

*

9.50. సెయింట్ ఆసిత్స్ గేటు.

హెడ్ పోర్టర్ రెజ్ స్టాంపర్ ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ కిటికీ వెనకే కూర్చుంటున్నాడు.

"మంగళవారం 2.40కి హేవర్ గారు ఇలా లోపలికి నడిచారు. 'రెజ్, ఇంకా బతికే ఉన్నావా' అన్నారు. 'మీరు వచ్చి పోయేదాకా ఉంటాను సార్' అన్నాను. మళ్లీ బయటికి రాలేదు."

"నువ్వు చూడకుండా వెళ్లి ఉండొచ్చుగా?"

"ఈ గేటులోంచి ఎలుక వెళ్లినా నాకు తెలుస్తుంది మేడమ్."

"వెనక గేటు?"

"దాని తాళాలు ఇక్కడ చదువు చెప్పే ఫెలోల దగ్గరే ఉంటాయి. అతిథులకు ఇవ్వం."

"అయితే కాలేజీలోనే ఉండాలి."

"నిన్న ప్రతి మెట్లదారీ, దాని మీది గదులూ వెతికామండీ. ఇదిగో కాగితం."

యాభై ఎనిమిది గదులు. ఒక్కొక్కదానికీ ఒక టిక్కు. ఐదింటికి మాత్రం టిక్కు లేదు. 'మూసి ఉంది' అని రాసి ఉంది.

"ఇవి?"

"ఓక్ మూసి ఉందండి."

ఇంకొకరైతే మళ్లీ అడిగేవారు. డోరీన్ అడగలేదు. గ్లాడిస్ ఇలాంటి కాలేజీలోనే ముప్ఫై ఏళ్లు స్కౌట్‌గా పనిచేసింది. గదులు ఊడ్చేది, పక్కలు వేసేది. సెలవుల్లో డోరీన్ ఆమె వెంట వెళ్లేది. ఒక్కో గదికి రెండు తలుపులు. లోపలిది మామూలుది. బయటిది నాలుగు వేళ్ల మందం ఓక్ చెక్క, లోపలి మాట బయటికి వినపడదు. ఓక్ మూసి ఉందంటే లోపల మనిషి పని చేసుకుంటున్నాడని అర్థం. తట్టకూడదు. పిలవకూడదు. "ఆ మెట్ల మీద పిల్లిలా నడవాలమ్మా," అని గ్లాడిస్ ఆమె బూట్లు విప్పించేది.

"ఈ ఐదుగురూ తర్వాత కనిపించారా?"

"నలుగురు కనిపించారు. మిగిలింది కిన్నర్‌స్లీ గారు. లెక్కలాయన. పనిలో పడితే మూడేసి రోజులు బయటికి రారు. ఆరో మెట్లదారి, పై గది."

*

10.20. ఆరో మెట్లదారి.

దారి చూపడానికి డాక్టర్ లయనెల్ పేజెట్ వచ్చాడు. కాలేజీ లైబ్రేరియన్, ఫెలో కూడా. పన్నెండేళ్లుగా హేవర్ జీవిత చరిత్ర రాస్తున్నాడు. సన్నటి మనిషి. రాత్రి నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆయన పోతే నా సగం జీవితం పోయినట్టే ఇన్‌స్పెక్టర్," అన్నాడు. "ఈ ఊరితో ఆయన బంధం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు."

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మంగళవారం భోజనాల దగ్గర. ఒంటి గంటకు."

"ఏం మాట్లాడుకున్నారు?"

"వాతావరణం."

రెండో అంతస్తులో ఒక ముసలామె బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. నోరా బిడిల్, ఆ మెట్లదారి స్కౌట్. డోరీన్‌ను ఎగాదిగా చూసింది.

"నువ్వు గ్లాడిస్ కూతురివి కదూ? డోరీన్! ఇన్‌స్పెక్టరయ్యావని మీ అమ్మ చెప్పీ చెప్పీ మా చెవులు తినేసింది."

"ఎలా ఉన్నారు నోరా ఆంటీ?"

"ఎలా ఉంటాను, మోకాళ్లు చెబుతూనే ఉంటాయి. పైకెళ్తే మాత్రం మెల్లగా వెళ్లవే. కిన్నర్‌స్లీ గారు నిన్నట్నుంచీ మూసుకుని కూర్చున్నారు. ఊరెళ్లేవాళ్లయితే తెరిచిపెట్టి పోతారు, ఊడ్చుకుంటాం. ఈ పనిచేసుకునేవాళ్లతోనే చావు. ఎన్నాళ్లకు పక్క మారుస్తానో!"

పై అంతస్తులో ఒకటే గది. ఓక్ తలుపు మూసి ఉంది. గడప ముందు రెండు పాల సీసాలు. చలికి పాలు గడ్డకట్టి, రేకు మూతల్ని పైకి నెట్టాయి.

"హేవర్ గారు కుర్రవాడిగా ఉన్నది ఈ గదిలోనే," అన్నాడు పేజెట్ గొంతు తగ్గించి. "ఇప్పుడు కిన్నర్‌స్లీది."

డోరీన్ చెయ్యి పైకి లేచింది.

లోపలెక్కడో ఏదో పడిన చప్పుడు. మెత్తగా, దూరంగా. పుస్తకం పడ్డట్టు.

"ష్," అన్నాడు పేజెట్. "పని చేసుకుంటున్నాడు."

డోరీన్ చెయ్యి దించింది. వెనక్కి తిరిగింది. తనకు తెలియకుండానే మునివేళ్ల మీద మెట్లు దిగింది.

*

మిగతా కాలేజీ అంతా వెతికింది. నేలమాళిగ. ప్రార్థనాలయం గంట గోపురం. పడవల షెడ్డు. తోటమాలి కొట్టం. బొగ్గుల గది.

ఎక్కడా లేడు.

12.30కి సూపరింటెండెంట్ ఫోన్ చేశాడు.

"హార్న్, నాలుగింటికి రిపోర్టు నా బల్ల మీద ఉండాలి."

"కర్రకు బూడిద లేదు సార్."

"కర్రకు బూడిద లేదని జడ్జికి చెబుతావా? ఎవరో తుడిచుంటారు."

పోర్టర్ల గదిలో ఫ్రాన్సెస్ కూర్చుని ఉంది. ఎవరో ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది.

1.25. ఓట్స్ బలవంతం మీద డోరీన్ వంటగదిలోకి వెళ్లింది. వంటపెద్ద ఆల్ఫ్ ఆమె ముందు బఠానీ సూప్ పెట్టాడు.

"తాగండి మేడమ్. నిన్న ఎనిమిది మందికి ఎక్కువైంది. ఇక్కడ ఒక్కరూ రానని చెప్పి చావరు. కిన్నర్‌స్లీ గారు ఒక్కరే బుద్ధిగా పేరు కొట్టించి వెళ్లారు."

చెంచా గాల్లో ఆగింది.

"ఎక్కడికి వెళ్లారు?"

"డరమ్‌కి. వాళ్లమ్మకు సీరియస్ అని సోమవారం రాత్రి వెనక గేటులోంచే పరుగెత్తారు. శనివారం దాకా రారు. అదిగో, బోర్డు మీద ఉంది."

గోడ మీద భోజనాల పట్టిక. కిన్నర్‌స్లీ పేరు మీద శనివారం వరకు గీత. గీత పక్కన వేరే సిరాతో ఎల్.పి. అని చిన్న సంతకం.

"ఇది ఎవరు పెట్టారు?"

"పేజెట్ గారు. కిన్నర్‌స్లీ గారు రైలందుకోవాలి కదా, ఆయనకు చెప్పి వెళ్లారట."

ఊరెళ్లేవాళ్లయితే తెరిచిపెట్టి పోతారు.

ఊళ్లో లేని మనిషి ఓక్ మూసి ఉంది. లోపల ఏదో పడింది.

డోరీన్ లేచిన వేగానికి గిన్నె బోర్లాపడింది.

*

"తాళం ఇవ్వు రెజ్. ఆరు, పై గది."

స్టాంపర్ తాళాల గుత్తి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"ఓక్ మూసి ఉంటే తెరవడం... ముప్ఫై ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా... ప్రిన్సిపల్ గారిని ఒక మాట..."

"కిన్నర్‌స్లీ ఊళ్లో లేడు! తాళం!"

గుత్తి లాక్కుని పరుగెత్తింది. వెనక ఓట్స్, ఫ్రాన్సెస్, ఆయాసపడుతూ స్టాంపర్. నాలుగు జతల బూట్లు రాతి మెట్ల మీద మోగాయి. ఆ మెట్లదారిలో అంత చప్పుడు ఎప్పుడూ కాలేదు. నోరా బకెట్టు వదిలేసి గోడకు నక్కింది.

1.41. ఓక్ తెరుచుకుంది. లోపలి తలుపును భుజంతో తోయాల్సి వచ్చింది. అవతల ఏదో అడ్డం ఉంది.

పుస్తకాలు.

పదమూడు. తలుపు కింద కుప్పగా పడి ఉన్నాయి. కొన్నింటి అట్టలు ఊడిపోయాయి. వాటి మీద ఒక బూటు ఉంది.

ఆంబ్రోస్ హేవర్ కిటికీ కింద నేల మీద ఉన్నాడు. తుంటి విరిగింది. నేల మీది తివాచీ అంచు లాక్కుని ఒంటి మీద కప్పుకున్నాడు. పక్కన ఖాళీ పూల కూజా. అందులో నీళ్లు తాగినట్టున్నాడు. కింది అరలో చేతికందే పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తలుపు మీదికి విసిరాడు. చేతికందేంత దూరంలో ఇంకొక్క పుస్తకం కూడా మిగల్లేదు.

ఫ్రాన్సెస్ మోకాళ్ల మీద కూలబడింది.

"నాన్నా. నాన్నా, నేను."

పెదవులు నీలంగా ఉన్నాయి. ఓట్స్ మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు.

"నాడి ఉంది మేడమ్. సన్నగా కొట్టుకుంటోంది."

*

2.15. అంబులెన్స్ ఫ్రాన్సెస్‌ను కూడా ఎక్కించుకుని వెళ్లిపోయింది.

డోరీన్ ముగ్గురిని పై అంతస్తుకు రప్పించింది. పేజెట్. నోరా. స్టాంపర్. తెరిచి ఉన్న ఓక్ ముందు నిలబెట్టింది.

"మంగళవారం పొద్దున్న ఈ తలుపు ఎలా ఉంది నోరా ఆంటీ?"

"తెరిచే ఉందమ్మా. ఊడ్చాను. పక్క నలగలేదు."

"బుధవారం?"

"మూసి ఉంది. రాత్రికి తిరిగొచ్చారనుకున్నా. పాలు పెట్టి వెళ్లిపోయాను."

"చప్పుడేమైనా వినిపించిందా?"

నోరా నోటికి ఆప్రాన్ అడ్డం పెట్టుకుంది. "ఏదో పడ్డట్టు వినిపించింది. రెండు మూడుసార్లు. పుస్తకాలు సర్దుకుంటున్నారనుకున్నా. ఇంకా మెల్లగా నడిచాను. అయ్యో, ఇంకా మెల్లగా నడిచానే!"

"నేనూ అంతే," అంది డోరీన్. "10.20కి ఇక్కడే నిలబడి విన్నాను. తట్టబోయాను. మీరు ష్ అన్నారు, డాక్టర్ పేజెట్. కిన్నర్‌స్లీ పని చేసుకుంటున్నాడన్నారు."

"ఓక్ మూసి ఉంటే ఎవరైనా అదే అనుకుంటారు."

"ఎవరైనా అనుకుంటారు. మీరు తప్ప. సోమవారం రాత్రి కిన్నర్‌స్లీ ఊరెళ్తూ చెప్పింది మీకొక్కరికే. భోజనాల పట్టికలో ఆయన పేరు కొట్టింది మీరే. గదిలో ఆయన లేడని ఈ కాలేజీలో తెలిసింది వంటపెద్దకు, మీకు. వంటపెద్ద ఈ మెట్లు ఎక్కడు. మరి లోపల పని చేసుకుంటున్నది ఎవరనుకున్నారు?"

పేజెట్ ఓక్ నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మంగళవారం హేవర్ గారు తన పాత గదిలో కూర్చోవడానికి వచ్చారు. తెరిచే ఉంది కదా. మీరు వెనకే వచ్చారు. ఎందుకు?"

"భార్య రాసిన ఆ ఉత్తరాలు లైబ్రరీకి ఇస్తానని మాటిచ్చారు," అన్నాడు పేజెట్. "పన్నెండేళ్లు ఎదురుచూశాను. అవి లేకపోతే పుస్తకమే లేదు. ఇప్పుడు కూతురికిచ్చేస్తానంటాడు. పిల్లలకు పియానో నేర్పుకునే మనిషికి! నేను కట్ట పట్టుకున్నాను. ఆయన వదల్లేదు. కింద పడ్డాడు. అంతే."

"పడ్డాక మాట్లాడారా?"

పేజెట్ మెట్ల వైపు తిరిగాడు.

"'లయనెల్, ఎవరినైనా పిలువు' అన్నారు."

స్టాంపర్ గోడకు చేరగిలబడ్డాడు.

"మీరు ఓక్ లాగేసి వెళ్లారు," అంది డోరీన్. "దానికి తాళం కూడా అక్కర్లేదు. లాగితే దానంతటదే పడుతుంది. తర్వాత కర్ర, టోపీ పట్టుకుని వెనక గేటులోంచి నది దగ్గరికి వెళ్లారు. కర్ర నేలకు ఆనించాలన్న సంగతి మీకు తట్టలేదు. మీకు కర్ర అవసరం లేదు కదా. మిగతా పనంతా ఈ తలుపే చేసింది. మా అందరి మర్యాదే చేసింది. ఉత్తరాలెక్కడ?"

లైబ్రరీ బల్ల సొరుగులో దొరికాయి. నలభై ఒకటి. ప్రతి కవరు మూలన పెన్సిల్‌తో చిన్న నంబరు. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా, తేదీల వరసలో. ఆ రెండు రోజులూ అతను చేసిన పని అది.

ఓట్స్ అతన్ని కిందికి తీసుకెళ్లాడు. స్టాంపర్ మాత్రం కదల్లేదు.

"మేడమ్, ఒక సంగతి," అన్నాడు. "రెండేళ్ల కిందట ఒక టెలిగ్రాం వచ్చింది. హేవర్ గారికి. నేనే పట్టుకొచ్చాను, ఇక్కడిదాకా. అప్పుడు ఈ గది ఖాళీగా ఉండేది, ఆయన పగలు ఇక్కడే రాసుకుంటున్నారు. ఓక్ మూసి ఉంది. తట్టలేదు. కింద ఆయన అరలో పెట్టాను. మర్నాడు పొద్దున్న చూసుకున్నారు." అతను టోపీ తీశాడు. "నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కూడా గేటు దగ్గర నవ్వుతూనే పలకరించారు."

*

శుక్రవారం. ఉదయం 11.05. ఆస్పత్రి.

డాక్టర్ డోరీన్‌ను వరండాలోనే ఆపాడు. న్యుమోనియా. ఆ వయసులో ఆపరేషన్ కుదరదు. రేపటిదాకా బతికితే గొప్పే.

గదిలో హేవర్ కళ్లు తెరిచే ఉన్నాయి. ఫ్రాన్సెస్ ఆయన చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని ఉంది. చేతి తొడుగులు తీసేసింది.

డోరీన్ ఉత్తరాల కట్ట పక్క మీద పెట్టింది. తర్వాత స్టాంపర్ చెప్పిన సంగతి చెప్పింది. ఎక్కువ మాటలు వాడలేదు.

ఫ్రాన్సెస్ తండ్రి ముఖంలోకి చూసింది.

"టెలిగ్రాం మీకు అందలేదా నాన్నా? ఆ మాట ఒక్కసారి చెప్పొచ్చుగా!"

"చెప్పి ఏం లాభం," అన్నాడు హేవర్. మాట గాలిలా ఉంది. "తలుపు మూసుకున్నది నేనే కదమ్మా."

ఆమె నుదురు ఆయన చేతికి ఆనించింది.

కొంతసేపటికి ఆయన డోరీన్ వైపు చూశాడు.

"మీ అడుగులు విన్నాను," అన్నాడు. "అందరివీ విన్నాను. కింద బాగానే మోగేవి. పైకి రాగానే... ఎంత మెల్లగా నడిచేవారో మీరంతా. ఎంత మంచివాళ్లో."

డోరీన్ ఉత్తరాల కట్టను ఆయన చేతికి దగ్గరగా జరిపింది.

నర్సు వచ్చింది. "పేషంటు పడుకోవాలి. కాస్త బయటికి రండి, తలుపు వేసేస్తాను."

పక్క మీద ఆయన చెయ్యి తలుపు వైపు కదిలింది. డోరీన్‌కు అర్థమైంది. గోడ దగ్గరున్న కుర్చీ ఎత్తి తెచ్చి, తలుపుకు అడ్డంగా గడపలో పెట్టింది.

"ఇది మూయొద్దు," అంది. "ఎవరు చెప్పినా."

బయటికి వచ్చింది. వరండా పొడుగ్గా ఉంది. గోడ మీద నిశ్శబ్దం పాటించమని బోర్డు.

వరండా చివరిదాకా ఆమె మడమలు నేలకు గట్టిగా ఆనిస్తూ, లోపలున్న మనిషికి ప్రతి అడుగూ వినిపించేలా నడిచింది.